జాబితాలో లేని గుంత

తణికైవేల్ ఇంటి గడప దగ్గర నిలబడి రంజని జాబితా చదివింది. టీవీ. కేరం బోర్డు. యోగా. భజన. దినపత్రికలు. మోకాళ్ల నొప్పులకు వారానికొకసారి డాక్టరు.

“వీటిల్లో మూడు చెప్పొచ్చు తాతా. మీకేమేం కావాల?”

“మూడొద్దు. ఒకటి చాలు. మగ్గం గుంత.”

ఫోను మీద ఆడుతున్న ఆ పిల్ల వేలు ఆగింది. తిరుత్తణిలో నేతగాళ్ల వీధి మొత్తం తిరిగి, అరవై దాటిన ప్రతి మనిషినీ అడిగి రమ్మని మునిసిపాలిటీ వాళ్లు ఆమెను పంపారు. ముసలివాళ్లు పగటిపూట వచ్చి కూర్చోవడానికి ప్రభుత్వం ఒక ఇల్లు కట్టబోతోంది. ముదియోర్ మయ్యం, అంటే పెద్దల కేంద్రం, అని దానికి పేరు. అందులో ఏమేం ఉండాలో ముసలివాళ్లనే అడిగి కట్టాలట. అప్పటికి రంజని ముప్పై ఇళ్లు తిరిగింది. ముప్పై ఇళ్లలోనూ టీవీ అన్నారు.

“గుంత ఈ లిస్టులో లేదు తాతా.”

“లేకపోతే ఎక్కించు.”

“‘ఇతరం’ అని కడాన ఒక గడి ఉండాది. దాంట్లో రాస్తా. కానీ దాన్ని పైన ఎవురూ చూడరు.”

“చూడరని నీకెట్ల తెలుసు?”

“నిన్న ఒక అవ్వ ఆ గడిలో ‘మా కోడలికి బుద్ధి’ అని రాయమనింది.”

“రాసినావా?”

“రాసినా.”

“అయితే నాదీ రాయి. ఆ కోడలికి బుద్ధి ఎట్లాగూ రాదు. నాకు గుంత రావాల.”

రంజని నవ్వి అరవంలో రాసింది. ఆ పిల్ల తెలుగు మాట్లాడుతుంది గానీ రాయలేదు. తణికైవేల్‌కు తెలుగు తప్ప ఇంకో అక్షరం రాదు. రాసింది చదివి వినిపించమన్నాడు. చదివింది. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివింది. అప్పుడు గానీ ఆమెను పోనివ్వలేదు.

ఆయన అడిగింది వింత కోరికేమీ కాదు. గుంత మగ్గం నేసేవాడు నేల అంచున కూర్చుని కాళ్లు గుంతలోకి వదులుతాడు. తొక్కుడు చెక్కలు ఉండేది ఆ గుంతలోనే. గుంత లేని మగ్గం నాలుగు కర్రలూ కాస్త తాడూ. తణికైవేల్ యాభై రెండేళ్లు ఒకే గుంతలో కాళ్లు పెట్టుకుని బతికాడు. మూడేళ్ల కిందట భార్య కోకిల పోయింది. ఆమె పోయిన మూడో నెలలో కొడుకు గుణ ఆ గుంతలో రాళ్లూ మట్టీ పోసి పూడ్చి, పైన టైల్సు పరిపించాడు. మగ్గం కర్రలు మిద్దె మీద టార్పాలిన్ కిందికి చేరాయి. గుంత ఉన్న చోట ఇప్పుడు బట్టలుతికే మిషను నిలబడి రోజూ ఉదయం గడగడ వణుకుతుంది.

“కాలు జారి పడతావని పూడ్చినా నాయనా,” అన్నాడు గుణ ఆనాడు.

“యాభై రెండేండ్లు పడనోణ్ణి ఇప్పుడు పడతానా?”

 తిరువళ్ళూరు దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో గుణకు పని. షిఫ్టుకు వేళయిందని రైలుకు వెళ్లిపోయాడు. తణికైవేల్ కొడుకును క్షమించలేదు. క్షమించడం ఆయనకు చేతకాని పని. నేర్చుకోవాలన్న కోరిక కూడా ఆయనకు లేదు.

గుంత మాట పొద్దు వాలేలోగా వీధి చివరి దాకా వెళ్లి వచ్చింది. కోడలు సెల్వి కుళాయి దగ్గర విని, బిందె దించకుండానే మొదలుపెట్టింది.

“ఏంది మామా ఇది? వీధంతా నవ్వతా ఉండారు. మేము మిమ్మల్ని సరిగ్గా చూసుకోలేదని అనుకోరా?”

“చూసుకుంటా ఉండావు. వేళకు అన్నం పెడతా ఉండావు. నేను అడిగింది అన్నమా?”

గుణ చొక్కా విప్పుతూ అందుకున్నాడు. “ఈ వయసులో ఎవురన్నా పని కావాలని అడుగుతారా నాయనా? ఊరికే కూర్చోమని సర్కారే చెప్తా ఉంటే!”

“నేనూ కూర్చోవడానికే అడుగుతా ఉండా. గుంతలో.”

మర్నాడు ద్వారకనాథ్ వచ్చాడు. ఆయన వీధి పెద్ద. ఊరి బయట మూడు షెడ్ల నిండా మరమగ్గాలున్నాయి. వాటి చప్పుడుకు దూరంగా ఉండాలని తను మాత్రం నేతగాళ్ల వీధిలోనే కాపురముంటాడు. కుర్చీ వెయ్యకముందే కూర్చున్నాడు.

“గురువారం కల్యాణ మండపంలో కరుత్తు కేట్పు కూట్టం, అభిప్రాయాలడిగే మీటింగు అన్నా. తిరువళ్ళూరు నుంచి పెద్దాఫీసరమ్మ వస్తా ఉండాది. జనం ఏమి కోరుకుంటా ఉండారో మైకులో అడగతాదంట. మన వీధి ఒకే నోటితో చెప్పాల. భజన మందిరం, పెద్ద టీవీ. మందిరానికి మా నాయన పేరని మాటైపోయింది.”

“మీ నాయన ఒక్కనాడు భజనకు పోలేదు గదప్పా. పేకాడేవాడు. పేకగది కట్టించి దానికి పెట్టు ఆయన పేరు.”

ద్వారకనాథ్ ముఖం ముడుచుకుంది. అయినా ఆయన వీధి పెద్ద ఊరికే కాలేదు. దెబ్బ ఎక్కడ కొట్టాలో తెలిసినవాడు.

“సరేనన్నా. గుంత ఇస్తారనుకో. మగ్గం నిలబెడతావనుకో. నీకు కండె చుట్టేదెవురు?”



మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె కడుపులో కండె ఉంటుంది. కండె మీద నూలు ఉంటుంది. ఆ నూలును రాట్నం మీద ఎవరో ఒకరు చుట్టి ఇస్తూ ఉంటేనే మగ్గం నడుస్తుంది. ఒక ఇంటి కండె ఇంకో ఇంటి నాడెలోకి పోకూడదని ఆ వీధి కట్టుబాటు. మగవాడు గుంతలో, ఆడది రాట్నం దగ్గర. పెళ్లికి ముందు తల్లి చుట్టాలి, తర్వాత భార్య చుట్టాలి, ఇంట్లో కూతురుంటే కూతురు చుట్టాలి. సెల్వి పాండూరులో పొలం పనులు చూస్తూ పెరిగిన పిల్ల. కండె అంటే ఆమెకు మొక్కజొన్న కండే. మగవాడు రాట్నం ముట్టుకోవడమంటే తన మీసం తనే గొరుక్కోవడం. కాబట్టి మొగుడు పోయిన ఆడది రాట్నం అటకెక్కిస్తుంది. పెళ్లాం పోయిన మగవాడు మగ్గం దిగిపోతాడు. అట్లా దిగిపోయిన మగవాళ్లు వీధిలో పదకొండు మంది. రాట్నం అటకెక్కించిన ఆడవాళ్లు పధ్నాలుగు మంది. పాతికమందీ ఎదురెదురు అరుగుల మీద కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, సర్కారును టీవీ అడుగుతున్నారు.

“అందుకే చెప్తా ఉండా,” అని లేచాడు ద్వారకనాథ్. “మనకు మనమే నవ్వులపాలు కావొద్దు.”

ఆయన వెనక తలుపు గట్టిగా వేశాడు తణికైవేల్.

మరుసటి రోజు ఉదయం పది గంటలకు, వీధి వీధంతా అరుగుల మీద ఉన్న వేళ చూసుకుని, తిరుమలమ్మ వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. తిరుమలమ్మ ఆయన చిన్నాన్న కొడుకు ధర్మలింగం భార్య. ధర్మలింగం పోయి రెండేళ్లయింది. ఒకప్పుడు ఆమె చుట్టిన కండె అంటే నాడె ఆగకుండా చివరి పోగు దాకా వదిలేదని చెప్పుకునేవారు. ఇప్పుడామె చేటలో బియ్యం చెరుగుతోంది.

“తిరుమలమ్మా, ఒక మాట.”

“రెండేండ్లకు నోరు పెగిలిందా బావా? మీ తమ్ముడు పొయిననాడు కూడా ఈడనే నిలబడి, ఏమీ అనకుండా తిరిగి పొయినావు.”

“నేను మళ్లీ నెయ్యాలనుకుంటా ఉండా.”

“వినింటి. కుళాయిలో నీళ్లకన్నా నీ మాటే ఎక్కువ పారింది.”

“కండె చుట్టేవాళ్లు కావాల.”

చేట ఆగింది. ఎదురు అరుగు మీద రెండు మెడలు ఇటు తిరిగాయి. తిరుమలమ్మ వాటిని చూసింది, మళ్లీ ఈయన్ను చూసింది.

“కోకిల నీకు నలభై ఏండ్లు చుట్టింది. ఒక్కనాడన్నా కండె బాగుండాది అన్నావా?”

“బాగలేకపోతే అనేవాణ్ణి.”

“అట్లా చెప్పు! ఏదన్నా చెడితే గానీ నీ నోరు తెరుచుకోదు. పో బావా. ఎండ ఎక్కతా ఉండాది.”

తణికైవేల్ వెళ్లిపోయాడు. అడిగినందుకు సిగ్గుపడలేదు. కాదన్నందుకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని గురువారం దాకా చల్లారకుండా కాపాడుకున్నాడు.

కల్యాణ మండపంలో గోడకు పెద్ద కాగితం అతికించారు. ఎవరెవరు ఏమడిగారో దాని మీద రంగురంగుల గీతలు. టీవీ గీత అన్నిటికన్నా పొడుగు. ‘ఇతరం’ గీత అగ్గిపుల్లంత. తిరువళ్ళూరు నుంచి వచ్చిన ఆఫీసరు శశికళ చల్లటి మనిషి. అందరికీ దండం పెట్టి అరవంలో మాట్లాడింది. మీ ఇల్లు, మీరే చెప్పాలి అంది. మొదట ద్వారకనాథ్ మైకు తీసుకుని వీధి తరఫున ఒకే నోటితో చెప్పాడు. చప్పట్లు పడ్డాయి.

“వేరే కరుత్తు ఎవరికైనా ఉందా?” అని శశికళ అడిగింది.

తణికైవేల్ లేచాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు.

“టీవీ మా ఇండ్లల్లోనే ఉండాది. చూసి చూసి కండ్లు మండతా ఉండాయి. మేము ముసలోళ్లం, పనికి రానోళ్లం కాదు. ఆ కొత్త ఇంట్లో ఒక గుంత తవ్వండి. మగ్గం నాది ఉండాది. మిద్దె మీద ఊరికే ఎండతా ఉండాది.”

“కండె ఎవురు చుట్తారు తాతా?” వెనక వరసలోంచి దేవా అనే కుర్రాడి గొంతు అరిచింది. “మునిసిపాలిటీనా?”

మండపం పగలబడి నవ్వింది. ద్వారకనాథ్ నవ్వలేదు, కానీ కాలు మీద కాలు వేసుకున్నాడు. తణికైవేల్ నవ్వు ఆగేదాకా నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నట్టు ఎవరో పంచె లాగితే ఆ చేతిని విదిలించాడు.

“నేను చుట్తా.”

ఆడవాళ్ల వైపు నుంచి వచ్చిందా మాట. తిరుమలమ్మ నిలబడి ఉంది. నవ్వులు ఎక్కడివక్కడ తెగిపోయాయి. ఇందులో ఇంత మౌనం ఎందుకో శశికళకు అర్థం కాలేదు. రంజని వంగి ఆమె చెవిలో కట్టుబాటు సంగతి చెప్పింది.

“కూర్చో తిరుమలమ్మా,” అన్నాడు ద్వారకనాథ్. “ధర్మలింగం పేరు చెడగొట్టొద్దు.”

“ఆయన పేరు మీ నాయన పేరు మాదిరి గోడకెక్కించేది కాదన్నా, చెడేదానికి.” తిరుమలమ్మ ఆయన వైపు చూడను కూడా లేదు. “కానీ ఊరికే చుట్టను. ఒక రోజు నేను చుట్తా, బావ నేస్తాడు. ఇంకో రోజు నేను గుంతలో కూర్చుంటా, బావ చుట్టాల.”

“ఆడది గుంతలో కూర్చునేదా!” అని ఒక ముసలాయన లేచాడు.

“కూర్చోలేదా మామా? మా ఆయనకు టైఫాయిడ్ వచ్చిన ఏడాది, తలుపేసుకుని మూడు నెలలు నేసింది నేనే. ఆ చీరలు సొసైటీలో మొదటి రకమని తీసుకున్నారు. ఆయన చెయ్యి బాగా కుదిరిందని మీరే మెచ్చుకున్నారు.”

ముసలాయన కూర్చున్నాడు.

ఇప్పుడు అందరి కళ్లూ తణికైవేల్ మీదికి తిరిగాయి. ఆయన వీధి పెద్దను ఎదిరించడానికి వచ్చాడు. కొడుకును ఎదిరించడానికి వచ్చాడు. వాటికి కావలసిన మాటలన్నీ కూడగట్టుకుని వచ్చాడు. రాట్నం ముందు కూర్చోమంటారని ఆయన అనుకోలేదు. యాభై రెండేళ్లు పక్కనే తిరిగిన రాట్నం. పిడి ఏ చేత్తో పట్టుకుంటారో కూడా తను సరిగ్గా చూడలేదని ఆ క్షణంలో తెలిసింది.  ద్వారం దగ్గర గుణ కనిపించాడు. వద్దు నాయనా అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

ఆ ఊపు చూశాక తణికైవేల్‌కు ఇంక ఆలోచించే పని లేకపోయింది.

“సరే,” అన్నాడు.

“గట్టిగా చెప్పు బావా. ఆఫీసరమ్మకు వినపడాల.”

“సరే అన్నా గదా! చుట్తా!”

శశికళ రాసుకుంది. గుంత అంటే ఎవరైనా పడే ప్రమాదం ఉంటుందని, ప్లానులో నేలంతా టైల్సని, అయినా పైకి పంపిస్తామని మెత్తగా చెప్పింది. ఆ మెత్తదనం తణికైవేల్‌కు నచ్చలేదు.

ఆయన అనుమానమే నిజమైంది. నెల తిరిగాక రంజని తల వంచుకుని వచ్చింది.

“మునిసిపాలిటీలో ప్లాను అతికించినారు తాతా. టీవీ హాలు, భజన మందిరం, కేరం గది. గుంత లేదు. నేను రాసినా, మేడమ్ కూడా రాసింది. ఆ కడాన గడి వదిలేసి మిగిలిందంతా లెక్క కట్టినారంట.”

“నీ తప్పు లేదులే. ముగ్గు ఎప్పుడు పోస్తారు?”

“సోమవారం తొమ్మిదికి ఇంజనీరు వస్తాడు. ఎందుకు తాతా?”

 ఆ సాయంత్రం తణికైవేల్ తిరుమలమ్మ వాకిట్లో నిలబడి, “సోమవారం” అని ఒక్క మాట అని వచ్చాడు.

సోమవారం తెల్లవారగానే గడ్డపార, పార భుజాన వేసుకుని సంత వెనక ఉన్న ఖాళీ స్థలానికి వెళ్లాడు. కట్టబోయేది అక్కడే. డెబ్బై ఒకటో ఏట గడ్డపార పట్టినవాడు పది దెబ్బలకొకసారి ఆగక తప్పదు. ఆగాడు. మళ్లీ పట్టాడు. ఏడున్నరకు తిరుమలమ్మ గంప తీసుకుని వచ్చి, మాట్లాడకుండా మట్టి ఎత్తిపోసింది. తొమ్మిదయ్యేసరికి గుంత మోకాలు దాటింది. చుట్టూ వీధి సగం చేరింది.

ఇంజనీరు విజయ్ సున్నం సంచీ, దారం ఉండ మోయించుకుని దిగాడు. కాగితం విప్పి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

“ఏందయ్యా ఇది? టీవీ హాలుకు సరిగ్గా నడుమ తవ్వినారే!”

“ఆ. ఆడనే ఉండాల.” తణికైవేల్ గట్టున కూర్చుని కాళ్లు గుంతలోకి వదిలాడు.

“లేవండి. మీరు చెప్పాల్సింది చెప్పినారు గదా ఆ పొద్దు.”

“చెప్పినా. మీకు చదవను రాలేదు. అందుకే తవ్వి చూపిస్తా ఉండా.”

ద్వారకనాథ్ మనుషుల్ని తోసుకుంటూ వచ్చాడు. “వీధికి ఒక కట్టుబాటు ఉండాదన్నా. పెద్దోళ్లు పెట్టింది.”

“పెట్టినోళ్లు చచ్చిపొయినారు. నేనింకా చావలా.”

చివరికి గుణ వచ్చాడు. షిఫ్టు మానుకుని, ఫ్యాక్టరీ చొక్కాతోనే వచ్చాడు. గుంత పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా అన్నాడు. “ఇంటికి రా నాయనా. ఆ మిషను తీయించేస్తా. టైల్సు పగలగొట్టించి మన ఇంట్లోనే గుంత తవ్విస్తా. నేనే తవ్వతా.”

తణికైవేల్ కొడుకు ముఖంలోకి చూశాడు. మూడేళ్లలో ఇంత సేపు చూడడం అదే మొదలు.

“తవ్వతావు. ఆ ఇంట్లోకి తిరుమలమ్మ వచ్చి గుంతలో కూర్చుంటే ఊరుకుంటావా? నీ పెండ్లాం ఊరుకుంటాదా?”

గుణ నేల చూశాడు.

“అందుకే అందరి స్థలంలో తవ్వినా. నువ్వు పూడ్చింది నీ దగ్గరే పెట్టుకో. షిఫ్టుకు పో.”

ఇంజనీరు తిరువళ్ళూరుకు ఫోను చేసి పక్కకు నడిచాడు. “ఇద్దరే మేడమ్... కాదు మేడమ్, లేవరంట... పోలీసులా? ముసలోళ్లు మేడమ్...” అంటున్న మాటలు అందరికీ వినపడుతున్నాయి. ఈలోగా తిరుమలమ్మ చెట్టు నీడన గోనెపట్ట కింద దాచిన రాట్నం తెచ్చి గుంత పక్కన పెట్టింది. కట్టగా ఉన్న నూలు చిలప దానికి తొడిగింది. ఖాళీ కండె గుచ్చింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది.

“లే బావా. ఈ పొద్దు నా వంతు.”

ఇంజనీరు చెప్తే లేవనివాడు, వీధి పెద్ద చెప్తే లేవనివాడు, కొడుకు బతిమాలినా లేవనివాడు, మోకాళ్ల మీద చేతులు ఊని లేచాడు. జనంలో గుసగుస మొదలైంది. మగ్గం ఇంకా మిద్దె మీదే ఉన్నా, తిరుమలమ్మ గట్టున కూర్చుని కాళ్లు వదిలింది. పాదాలు గాలిలో ఆడాయి.

“లోతెక్కువైంది. నా కాలు అందలేదు.”

“నా కాలికి కొలిచి తవ్వినా.”

“అదే గదా నీ జబ్బు.”

తణికైవేల్ గంపెడు మట్టి తిరిగి గుంతలో పోసి, దిగి, అరికాళ్లతో అదిమి, పైకెక్కాడు. ఈసారి ఆమె పాదాలు నేలను తాకాయి. ఆయన రాట్నం ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు.

“మీసం తీసేస్తావా తాతా?” అని దేవా అరిచాడు.

“కత్తి తెచ్చుకోరా. నువ్వే తీద్దువు గానీ. ధైర్యముంటే.”

దేవా రాలేదు. తణికైవేల్ పిడి తిప్పాడు. ఎడమచేతి వేళ్ల మధ్య పోగు ఒకసారి బిగిసింది, ఒకసారి జారింది, ఒకసారి తెగింది. తెగిన చోట ముడి వేశాడు. ముళ్లు వెయ్యడం ఆయనకు వచ్చు. కండె నిండేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. తీసి ఇచ్చాడు. తిరుమలమ్మ బొటనవేలితో నొక్కి చూసింది.

“దూది మాదిరి ఉండాది. నాడెలో పెడితే రెండో విసురుకే ఊడిపోతాది. మళ్లీ చుట్టు.”

జనం ఆయన ముఖం చూశారు. ఈ ముసలాయన ఇప్పుడు రాట్నాన్ని తన్ని లేస్తాడని అందరూ అనుకున్నారు. గుణ కూడా అనుకున్నాడు.

సున్నం సంచీ మోసినవాడు ఇంజనీరు దగ్గరికి వెళ్లి, గీత ఎక్కడ పొయ్యాలని అడిగాడు. విజయ్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, గుంతను చూసి, అందులోని ఆడమనిషి కాళ్లను చూసి, దారం చుట్టెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ పూటకు ముగ్గు పడలేదు.

“మళ్లీ అంటే, మొత్తం విప్పాల్నా?” అన్నాడు తణికైవేల్.

“మొత్తం.”

ఆయన కొస వెతికి పట్టుకుని విప్పడం మొదలుపెట్టాడు.